ఎవరి సొమ్ము, ఎన్నాళ్ల గడువు?

(మచిలీపట్నంలో చేసిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసం పాఠం)



బందరులో నిలబడి బ్యాంకుల గురించి మాట్లాడటం తాతకు దగ్గులు నేర్పడం లాంటిది. ఈ ఊళ్లో రోగుల నాడి చూసిన ఒక డాక్టరే ఈ జిల్లా డబ్బు నాడి కూడా పట్టుకున్నాడు. గుండుగొలనులో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఇక్కడ ప్రాక్టీసు పెట్టి, దాన్ని వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లిన పట్టాభిగారిని మనం కాంగ్రెస్ చరిత్రకారుడిగా, 1939లో సుభాష్ చంద్రబోస్ మీద ఓడిపోయిన అభ్యర్థిగా, 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడైన నాయకుడిగా గుర్తుపెట్టుకుంటాం. నేను రాజకీయాలు తెలిసినవాణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. అందుకని ఈ సాయంత్రం ఆయన పెట్టిన సంస్థల జాబితా దగ్గరే ఆగుతాను.

1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు. 1923లో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు. 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. ఇరవై ఏళ్లలో ఆయన చెయ్యి పడినవి ఆరు సంస్థలు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్ష కోసం నేనొక పటం బట్టీ పట్టాను. పైన రిజర్వు బ్యాంకు, దాని కింద వాణిజ్య బ్యాంకులు, పక్కన సహకార బ్యాంకులు, ఇంకో పక్క అభివృద్ధి బ్యాంకులు, అట్టడుగున బ్యాంకింగేతర సంస్థలు. మార్కులు వచ్చాయి కానీ సంగతి అర్థం కాలేదు. చాలా ఏళ్ల తరవాత పట్టాభిగారి జాబితా చూసినప్పుడు ఒక అనుమానం వచ్చింది. ఒక్క బ్యాంకు పెట్టి, దాన్నే పెంచుకుంటూ పోవచ్చు కదా? ఒకే జిల్లాకు, ఒకే మనిషి, ఇన్ని రకాలు ఎందుకు పెట్టినట్టు?

ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబే ఈ ఉపన్యాసం.

గడువు

కృష్ణా డెల్టాలో ఒక రైతు ఏరువాకకు అప్పు తెస్తాడు. సంక్రాంతికి గింజ ఇంటికొస్తుంది. అమ్ముకుని అప్పు తీర్చేసరికి ఎనిమిది నెలలు. ఆ గింజ కొనే వర్తకుడికి రెండు మూడు నెలల సొమ్ము చాలు, బియ్యం అమ్మితే డబ్బు తిరిగొస్తుంది. అదే ఊళ్లో మరో రైతు తాతల నాటి అప్పు కింద భూమిని షావుకారు దగ్గర పెట్టాడు. దాన్ని విడిపించుకుని, పంట మిగులులోంచి తీర్చాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఇక ఒక బడిపంతులు. ఆయనకు అప్పే అక్కర్లేదు. తాను పోతే పెళ్లాం పిల్లలు రోడ్డున పడకూడదు, అంతే. ఏడాదికి ఇంతని ముప్పై ఏళ్లు కడతాడు.

డబ్బు అందరికీ ఒకటే. గడువే వేరు. అప్పు పుచ్చుకునేవాడి గడువుకు సరిపడే సొమ్ము ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు చిక్కు. బడిపంతులు కట్టిన ప్రీమియం ముప్పై ఏళ్లదాకా అడగడు కాబట్టి ఇరవై ఏళ్ల అప్పుకు అది పనికొస్తుంది. వర్తకుడు కరెంటు ఖాతాలో వేసిన డబ్బు రేపు పొద్దున్నే అడగొచ్చు కాబట్టి దానితో ఇరవై ఏళ్ల అప్పు ఇవ్వకూడదు. ఇస్తే, ఇచ్చినవాడు సమర్థుడైనా, పుచ్చుకున్నవాడు నిజాయితీపరుడైనా, మధ్యలో బ్యాంకు మునుగుతుంది.

అందుకే ఇన్ని రకాలు. పంట అప్పుకు సహకార బ్యాంకు, వర్తకానికి ఆంధ్రా బ్యాంకు, పాత అప్పులకు భూమి తనఖా బ్యాంకు, జీవితకాలపు పొదుపుకు బీమా కంపెనీ. ఏ సంస్థను చూసినా రెండే ప్రశ్నలు అడగమంటాను. అందులో ఉన్నది ఎవరి సొమ్ము, ఎన్నాళ్ల గడువు మీద? మునిగితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

అడిగిన వెంటనే ఇస్తామన్న మాట

వాణిజ్య బ్యాంకు మిగతా సంస్థలన్నిటికంటే సాహసమైన మాట ఒకటి ఇస్తుంది. మీరు ఎప్పుడడిగితే అప్పుడు మీ సొమ్ము మీకిస్తాం అంటుంది. ఆ సొమ్ము తన దగ్గర లేదు, అప్పులకు వెళ్లిపోయింది. అందరూ ఒకేరోజు రారన్న నమ్మకం మీదే మొత్తం వ్యాపారం నడుస్తుంది. పైగా అందులో యజమాని సొమ్ము చాలా తక్కువ. రిస్కును బట్టి తూచిన ఆస్తుల మీద కనీసం 9 శాతం సొంత మూలధనం ఉండాలని మన దగ్గర నిబంధన. అంటే ఇచ్చిన అప్పుల్లో పదో వంతు మొండి బకాయిలై తిరిగి రాకపోతే యజమాని వాటా తుడిచిపెట్టుకుపోయినట్టే. ఆ తరవాత నష్టం మీదీ నాదీ.

ఇంగ్లీషువాళ్ల కాలంలో ఈ వ్యాపారం రేవు పట్టణాల్లో మొదలైంది. 1806లో బ్యాంక్ ఆఫ్ కలకత్తా పుట్టింది, తరవాత అది బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అయింది. 1840లో బొంబాయి, 1843లో మద్రాసు బ్యాంకులు వచ్చాయి. 1921లో మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంకు, 1955 జులై 1న అదే స్టేట్ బ్యాంకు. నిజాం రాజ్యంలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పుట్టి, ఉస్మానియా సిక్కా వ్యవహారం చూసేది. అది తరవాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో పెద్ద స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

వీటి మధ్య స్వదేశీ బ్యాంకుగా వచ్చింది మన ఆంధ్రా బ్యాంకు. 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న లావాదేవీలు మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తెల్లదొరల బ్యాంకులో లెడ్జరు దగ్గరకు కూడా రానివ్వని చిన్న వర్తకుడి కోసం ఆ లక్ష పోగైంది.

అయితే ప్రైవేటు బ్యాంకులు ఊళ్లలోకి వెళ్లలేదు. 1969 జులై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసేనాటికి దేశం మొత్తం మీద ఉన్న 8,262 బ్రాంచీల్లో గ్రామాల్లో ఉన్నవి 1,833. 1980 ఏప్రిల్ 15న మరో ఆరు బ్యాంకులు ప్రభుత్వపరమయ్యాయి, వాటిలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. నేను ఉద్యోగంలో చేరింది ఆ ఊపులోనే. బస్సు దిగి ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కి బ్రాంచికి వెళ్లేవాణ్ణి. ఫీల్డ్ ఆఫీసరు వచ్చాడంటే ఊళ్లో కాఫీ రెండుసార్లు పెట్టేవారు.

అందరూ ఒకేరోజు వస్తే? వచ్చిన సందర్భాలున్నాయి. 1938లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు మూతపడితే దక్షిణాదంతా కంగారు పుట్టింది. 1935 ఏప్రిల్ 1న మొదలైన రిజర్వు బ్యాంకుకు అప్పటికి మూడేళ్లే. నోట్లు అచ్చువేయడం దాని పనుల్లో పైకి కనిపించేది మాత్రమే. అసలు పని బ్యాంకులకు బ్యాంకుగా ఉండటం. మిగతా బ్యాంకుల నిల్వల్లో కొంత తన దగ్గర ఉంచుకుంటుంది, పుస్తకాలు తనిఖీ చేస్తుంది, నిలకడగా ఉన్న బ్యాంకుకు ఒక్కసారిగా చేబదులు అవసరమైతే ఆఖరి దిక్కుగా ఇస్తుంది. ఆ అధికారాలకు పదును పెట్టింది 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం.

1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మునిగింది. దాని కన్నీళ్లలోంచే డిపాజిట్ బీమా పుట్టింది. 1962 జనవరి 1న మొదలైనప్పుడు ఒక్కొక్కరికి 1,500 రూపాయల దాకా హామీ. 1993లో లక్ష అయింది. 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. వాణిజ్య బ్యాంకు, గ్రామీణ బ్యాంకు, సహకార బ్యాంకు, ఏదైనా ఈ గొడుగు కిందే. ఊళ్లో ప్రాథమిక సొసైటీలో వేసిన డిపాజిట్‌కు మాత్రం ఈ బీమా లేదు. ఫైనాన్సు కంపెనీ డిపాజిట్‌కు లేదు. చీటీకి లేదు. సభలో కూర్చున్నవాళ్లు ఇంటికి వెళ్లాక మిగతా ఉపన్యాసం మరిచిపోయినా ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

మనకు దగ్గరి ఉదాహరణ సికింద్రాబాదులో ఉంది. 1994లో అట్టహాసంగా మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు షేర్ మార్కెట్ వైపు మొగ్గి, 2004 జులై 24న మారటోరియం కిందికి వెళ్లింది. మూడు వారాల్లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము నిలిచింది, వాటాదారులదే పోయింది. రెండో ప్రశ్నకు అది సరైన జవాబు. లాభం ఎవరిదో నష్టమూ వాళ్లదే.

సొసైటీ, గ్రామీణ బ్యాంకు

షావుకారు లేకుండా మనమే మనకు అప్పిచ్చుకుందాం అన్నది సహకారం. 1904 చట్టంతో పరపతి సంఘాలు మొదలయ్యాయి. ఊళ్లో ప్రాథమిక సొసైటీ, జిల్లాలో కేంద్ర బ్యాంకు, పైన రాష్ట్ర సహకార బ్యాంకు. ఈ మూడంతస్తుల మేడలో సొమ్ము పైనుంచి కిందికి, వసూలు కిందినుంచి పైకి ప్రయాణం చేస్తాయి. సొసైటీ బలం ఏమిటంటే, అప్పు అడిగేవాడి సంగతి ఇచ్చేవాడికి పుట్టుకతో తెలుసు. ఎవరి చేలో నీరు నిలుస్తుందో, ఎవరు పేకాటకు కూర్చుంటారో ఏ దరఖాస్తు ఫారమూ చెప్పలేనిది ఆ కార్యదర్శి చెబుతాడు. బలహీనత కూడా అదే. బాగా తెలిసినవాణ్ణి బకాయి అడగడం కష్టం, అతను ప్రెసిడెంటుగారి బావమరిది అయితే మరీ కష్టం.

1951-52లో చేసిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే లెక్క తేలినప్పుడు, రైతుల అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చింది 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులు ఇచ్చింది 0.9 శాతం. వడ్డీ వ్యాపారుల వాటా డెబ్బైకి దగ్గర. అంటే చట్టం వచ్చి యాభై ఏళ్లయినా షావుకారు కుర్చీ కదల్లేదు.

భూమి తనఖా బ్యాంకులది వేరే దారి. అవి డిపాజిట్ల మీద ఆధారపడకుండా, దీర్ఘకాలపు డిబెంచర్లు అమ్మి సొమ్ము తెచ్చేవి. ఆ డిబెంచర్ల కోసమే 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడింది. ఇరవై ఏళ్ల సొమ్ము తెచ్చి ఇరవై ఏళ్ల అప్పు ఇవ్వడమన్న లెక్క అక్కడ కుదిరింది. ఆంధ్రప్రదేశ్‌లో 1987లో సింగిల్ విండో పేరుతో స్వల్పకాలిక, దీర్ఘకాలిక సహకార పరపతిని ఒకే గొడుగు కిందికి తెచ్చారు. రైతు రెండు ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదన్నది మంచి ఆలోచనే. కానీ ఒకే కిటికీలో ఎనిమిది నెలల సొమ్మూ ఇరవై ఏళ్ల సొమ్మూ కలిశాక, పంట అప్పు నిలిచింది, బావికీ తోటకీ ఇచ్చే దీర్ఘకాలపు అప్పు పక్కకు జరిగింది. మేనేజరుగా నేను కూడా అదే చేసేవాణ్ణి. ఏడాదిలో తిరిగొచ్చే అప్పు ముందుండగా పదిహేనేళ్ల తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు?

సొసైటీకి ఊరు తెలుసు, డబ్బు లేదు. వాణిజ్య బ్యాంకుకు డబ్బుంది, ఊరు తెలియదు. రెంటి గుణాలూ ఉన్న సంస్థ కావాలని 1975లో ఒక వర్కింగ్ గ్రూపు చెప్పింది. దాని అధ్యక్షుడు మన తెలుగువాడు మైదవోలు నరసింహం. తరవాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు, 1991లో, 1998లో బ్యాంకింగ్ సంస్కరణల కమిటీలకు పెద్దగా ఉన్నారు. ఆ సలహాతో 1975 అక్టోబరు 2న మొదటి ఐదు గ్రామీణ బ్యాంకులు పుట్టాయి. మూలధనంలో కేంద్రానిది 50, స్పాన్సర్ బ్యాంకుది 35, రాష్ట్రానిది 15 శాతం. పని చేసే చోటు కొన్ని జిల్లాలే. ఆ జిల్లా యాస మాట్లాడే కుర్రాడే క్లర్కు.

ఒకప్పుడు దేశంలో ఇవి 196. కలుపుతూ కలుపుతూ వచ్చి, రాష్ట్రానికి ఒకటి అన్న విధానంతో 2025 మే 1 నాటికి 28కి దించారు. మన నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అంతకు నాలుగు నెలల ముందే తెలంగాణలోని బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందికి చేరాయి. కంప్యూటర్ల ఖర్చు, మూలధనం లెక్క చూస్తే కలపడం సబబే. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఒకే బ్యాంకు అయ్యాక దాన్ని స్థానిక బ్యాంకు అని ఎలా అనాలో మాత్రం నాకు తోచదు.

దీర్ఘకాలపు సొమ్ము

ఇప్పుడు ఫ్యాక్టరీల సంగతి. సిమెంటు ఫ్యాక్టరీ కట్టి, ఉత్పత్తి మొదలై, అప్పు తీరేసరికి పది పన్నెండేళ్లు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ గడువుకు సొమ్మిచ్చే దిక్కే లేదు. 1948లో ఐఎఫ్‌సీఐ పెట్టారు. 1955లో ప్రపంచ బ్యాంకు చొరవతో ఐసీఐసీఐ, 1964లో ఐడీబీఐ. రాష్ట్రాల్లో చిన్న పరిశ్రమలకు ఫైనాన్షియల్ కార్పొరేషన్లు. ఇవి జనం దగ్గర పొదుపు ఖాతాలు తెరవలేదు. ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లు, రిజర్వు బ్యాంకు తన లాభాల్లోంచి తీసిపెట్టిన దీర్ఘకాలిక నిధి, విదేశీ రుణాలు వీటికి ఊట. బాండ్లను కొనేవాళ్లలో పెద్ద చెయ్యి ఎల్ఐసీది. 1956 సెప్టెంబరు 1న 245 బీమా సంస్థల వ్యాపారాన్ని కలిపి ఎల్ఐసీ పెట్టినప్పుడు, బందరులో పుట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ జీవిత బీమా కూడా అందులో చేరింది. బడిపంతులు ప్రీమియం అలా ఫ్యాక్టరీ పునాదిలోకి వెళ్లింది.

కొన్ని సంస్థలు మీకు తలుపు తియ్యవు. రైతు నాబార్డుకు వెళ్లి అప్పడగలేడు. 1982 జులై 12న పుట్టిన నాబార్డు, అప్పిచ్చిన బ్యాంకుకు అప్పిస్తుంది. చెరువులోంచి కాలవలకు నీరు వదిలే తూము లాంటిది అది. చిన్న పరిశ్రమలకు సిడ్బీ, ఇళ్లకు నేషనల్ హౌసింగ్ బ్యాంకు ప్రధానంగా చేసేదీ అదే పని. ఎగుమతులకు ఎగ్జిమ్ బ్యాంకు 1982లో మొదలైంది. దానికి మాత్రం కంపెనీలతో నేరుగా వ్యవహారం ఉంటుంది.

తొంభైల సంస్కరణల్లో చవక సొమ్ము ఊట ఎండిపోయింది. బజారు వడ్డీకి తెచ్చి, పన్నెండేళ్లకు ఇవ్వడం గిట్టుబాటు కాలేదు. 2002లో ఐసీఐసీఐ తాను పెట్టిన బ్యాంకులోనే తాను కలిసిపోయింది. ఐడీబీఐ 2004లో మామూలు బ్యాంకయింది. 2019లో అందులో 51 శాతం వాటా ఎల్ఐసీ చేతికి వచ్చింది. ఖాళీ అయిన చోటు పూరించాల్సిందెవరు? వాణిజ్య బ్యాంకులు. ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తామన్న సొమ్ముతో హైవేలకు, విద్యుత్ ప్లాంట్లకు పదిహేనేళ్ల అప్పులిచ్చారు. భూమి చేతికి రాక, బొగ్గు దొరక్క, అనుమతులు ఆలస్యమై ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. గత దశాబ్దంలో మొండి బకాయిల కొండ పెరిగింది చాలావరకు అక్కడే.

2018లో ఐఎల్ఎఫ్ఎస్ కూలింది. రోడ్లు, విద్యుత్తు లాంటి పాతికేళ్ల ఆస్తుల మీద కూర్చున్న ఆ సంస్థ నెలల గడువు కాగితాలను తిప్పుకుంటూ బతికింది. ఒక నెల కొత్త కాగితం కొనేవాడు లేకపోయేసరికి తొంభై వేల కోట్ల రూపాయలు దాటిన అప్పులున్న ఆ గ్రూపు కుప్పకూలింది. 1929లో మద్రాసులో డిబెంచర్లు అమ్మినవాళ్లకు తెలిసిన లెక్కే అది. మళ్లీ దీర్ఘకాలిక సంస్థ కావాలని 2021లో నాబ్‌ఫిడ్ పెట్టారు. ఇరవై ఏళ్ల కిందట మూసిన తలుపునే మళ్లీ తెరిచారన్నమాట.

బ్యాంకు కానివి

మన ఇళ్లలో అసలైన పొదుపు సంఘం చీటీ. ఇరవై మంది, నెలకు ఐదువేలు, ఇరవై నెలలు. లక్ష చీటీ. కూతురి పెళ్లికి అవసరమైనవాడు ఇరవై వేలు తగ్గించి పాడుకుంటాడు, ఎనభై తీసుకుంటాడు. నిర్వాహకుడి కమీషను ఐదువేలు పోను, మిగిలిన పదిహేను వేలు ఇరవై మందికీ తలా 750. ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 4,250. ఒకే పాటలో ఒకరికి అప్పు, పందొమ్మిది మందికి పొదుపు. గడువు లెక్క ఇందులో తప్పదు, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పాటే తేలుస్తుంది. మునిగేది ముందు పాడినవాడు కట్టడం మానేసినప్పుడూ, నిర్వాహకుడు రాత్రికి రాత్రి ఊరు విడిచినప్పుడూ. అందుకే 1982 చిట్ ఫండ్స్ చట్టం రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ డిపాజిట్ అడుగుతుంది. మనం మాత్రం ఎదురింటి వదినగారి మాట నమ్మి కడతాం.

బంగారం మీద, బండి మీద అప్పిచ్చే ఫైనాన్సు కంపెనీలది వేరే కథ. అవి చెక్కుబుక్కు ఇవ్వలేవు, అడగ్గానే ఇచ్చే డిపాజిట్ తీసుకోలేవు. వాటి సొమ్ములో పెద్ద భాగం బ్యాంకులదే. బ్యాంకుకు వెళ్లలేని లారీ యజమాని, అదే బ్యాంకు సొమ్మును ఫైనాన్సు కంపెనీ దగ్గర ఎక్కువ వడ్డీకి తీసుకుంటాడు. దూరం ఖరీదు అది.

సూక్ష్మరుణాల విషయంలో ఆ దూరం ఖరీదు 2010లో మన పల్లెల్లోనే తేలింది. 1992లో నాబార్డు ప్రయోగంగా మొదలుపెట్టిన స్వయంసహాయక సంఘాల అనుసంధానం మన డ్వాక్రా మహిళల చేతుల్లో పెద్దదైంది. ముందు పొదుపు, తరవాత అప్పు, నెలకొకసారి మీటింగు. ఆ వెనకే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చి, వారంవారం వసూలు పెట్టాయి. కూలి డబ్బు వారంవారం రాని ఇంట్లో వారంవారం కిస్తీ ఎక్కడినుంచి వస్తుంది? ఒక కంపెనీ అప్పు తీర్చడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఆగిపోయాయి, కంపెనీలు కుదేలయ్యాయి. మాలేగాం కమిటీ సిఫార్సులతో రిజర్వు బ్యాంకు వాటికి వేరే తరగతి, వేరే నిబంధనలు పెట్టింది. ఇప్పుడు ఒక కుటుంబం నెలకు కట్టే కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదు. ఆ పాఠానికి ఫీజు కట్టినవాళ్లు మన ఆడవాళ్లు.

కొత్త రకాలు రెండు చెప్పి ముందుకు పోతాను. పేమెంట్స్ బ్యాంకు డిపాజిట్ తీసుకుంటుంది, అప్పు ఇవ్వదు. ఒక ఖాతాలో 2 లక్షలు దాటి ఉంచుకోలేదు. అప్పే లేదు కాబట్టి మునిగే భయం తక్కువ, లాభమూ తక్కువే. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు అన్నీ చేస్తుంది, కానీ అప్పుల్లో ఎక్కువ భాగం చిన్నవాళ్లకే ఇవ్వాలి. ఆ కోవలోవే అంతకుముందు వచ్చిన లోకల్ ఏరియా బ్యాంకులు. విజయవాడలో కోస్టల్, మహబూబ్‌నగర్‌లో కృష్ణా భీమా సమృద్ధి అలా పుట్టాయి.

ఎనిమిది నెలల ప్రశ్న

ఇంతసేపు రకాలు చెప్పాను. ఏ రకంలోనూ ఇమడని మనిషి ఒకడున్నాడు. డెల్టాలో నేను పనిచేసిన ఒక బ్రాంచికి ఏటా జూన్‌లో వచ్చేవాడు. కౌలు రైతు. నాలుగెకరాలు చేసేవాడు. అడిగేది పంట అప్పు. నేను అడిగేది పట్టాదారు పాసుపుస్తకం. అది హైదరాబాదులో ఉన్న ఆసామి బీరువాలో ఉండేది. ఆసామి ఏటా వచ్చి, ఆ పాసుపుస్తకం మీద పంట అప్పు తీసుకుని, సకాలంలో రెన్యువల్ చేసుకుని వెళ్లేవారు. మర్యాదస్తులు. సకాలంలో తీరిస్తే పంట అప్పు మీద రైతుకు పడే వడ్డీ 4 శాతం. పంట వేసినవాడు మాత్రం బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవాడు, ఏడాదికి 24. మా రికార్డుల్లో ఆ నాలుగెకరాలకూ రుణం అందినట్టే. నా సంతకమూ దాని కిందే ఉంది.

2011లో సాగుదార్ల చట్టం తెచ్చి కౌలుదార్లకు అర్హత కార్డులిచ్చారు. 2019లో మరో చట్టం వచ్చింది. కానీ సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామికి భయం. అదే సర్వే నంబరు మీద ముందే అప్పుందని బ్యాంకుకు ఇబ్బంది. చట్టం ఈ రెండు భయాల మధ్య ఇరుక్కుంది.

ఒకసారి ఆ కౌలు రైతుకు నేను చెప్పాల్సింది చెబుతున్నాను, సొసైటీలో అడగమనో, గ్రూపులో చేరమనో. ఆయన విని, "మీరు కాగితాలన్నీ అడిగారు గానీ బాబూ, పంట ఎప్పుడొస్తుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు చాలామంది తెలుగువాళ్లు బాధపడ్డారు. తొంభై ఏడో ఏట ఒక బోర్డు దిగింది. ప్రభుత్వ రంగ బ్యాంకులు 2017లో 27 ఉండేవి, ఇప్పుడు 12. భారత లక్ష్మీ బ్యాంకు 1964లోనే ఆంధ్రా బ్యాంకులో కలిసింది, ఆంధ్రా ఇన్సూరెన్స్ జీవిత బీమా ఎల్ఐసీకి వెళ్లింది. పట్టాభిగారి చెయ్యి పడిన వాటిలో, పెద్దగా ఎవరూ పొగడని జిల్లా సహకార బ్యాంకు మాత్రం తన పేరుతోనే ఉంది. బోర్డులు మారినందుకు నాకు పెద్ద దిగులు లేదు. పెద్ద బ్యాంకు గట్టిగా ఉంటుంది, డిపాజిటరుగా నాకూ అదే కావాలి. నా దిగులు వేరు. సంస్థలు కలిసిపోయినంత తేలిగ్గా అవసరాలు కలిసిపోవు. పంట ఇంకా ఎనిమిది నెలలకే వస్తుంది. బావి ఇంకా పదేళ్లకే ఖర్చు రాబడుతుంది. కూలి ఇంకా పని ఉన్నరోజే దొరుకుతుంది.

పట్టాభిగారు ఆరు సంస్థలు పెట్టింది ఆరు బోర్డుల కోసం కాదనుకుంటాను. వచ్చిన మనిషిని ముందు అడగాల్సింది కాగితం గురించి కాదు, గడువు గురించి అని తెలిసి పెట్టారనుకుంటాను. ఈ సభలో ఇంకా సర్వీసులో ఉన్న మేనేజర్లు కొందరు కనిపిస్తున్నారు. పాసుపుస్తకం అడగండి, నిబంధన కాబట్టి. దానికంటే ముందు, ఈ జూన్‌లో కౌంటరు దగ్గరికి వచ్చినవాణ్ణి, పంట ఎప్పుడొస్తుందయ్యా అని అడగండి. నేను ముప్పై ఆరేళ్లలో అడగలేకపోయిన ప్రశ్న అది.